చుక్క ఒకచోట, చిల్లి ఇంకోచోట

బెజవాడ ఆటోనగర్‌లో ఉదయం ఏడున్నర. వీధి ఇంకా పూర్తిగా నిద్ర లేవలేదు. టీ బండి దగ్గర నలుగురు, కమాన్ కట్టలు సరిచేసే షెడ్డులో అప్పుడప్పుడూ ఒక సుత్తి దెబ్బ. పదిహేనేళ్ల నాటి డీజిల్ పికప్ ఒకటి వెనక్కి వెనక్కి వచ్చి రేకుల షెడ్డు కింద ఆగుతుంది. కైకలూరు చెరువు గట్ల మీద రొయ్యలు ఎక్కించుకుని భీమవరం ప్లాంట్లలో దించడం దాని పని. తొట్టి ఎంత కడిగినా నీచు వాసన పోదు. ఇవాళ ఆ వాసనతో పాటు ఇంకోటి వస్తోంది, డీజిల్.

డ్రైవరు దిగి తన గోడు చెబుతాడు. "ట్యాంకు నిండా కొట్టిస్తే రాత్రికి కింద మడుగు కడతంది మేస్త్రి గారూ. సగం దిగితే కారడం ఆగిపోద్ది. కానీ అప్పుడే పొద్దున్నే స్టార్టవ్వదు. అయిదారు సెల్ఫులు కొట్టాలి. కారేటప్పుడు బానే ఉంటది, కారనప్పుడు మొండికేస్తది. ఏందిది?"

మేస్త్రి వయసు యాభై దాటింది. టీ గ్లాసు కింద పెట్టి, బండి కింద చూడకుండానే జవాబు చెబుతాడు. "రెండూ ఒకటే చిల్లు తమ్ముడూ. నిండుగా ఉంటే డీజిల్ బయటికొస్తది. తగ్గితే గాలి లోపలికి పోద్ది."

ఈ ఒక్క మాటలో ఇవాళ్టి పనంతా ఉంది. ఇలాంటి పాత డీజిల్ బండ్లలో ట్యాంకు లోపల మోటారు ఉండదు. ఇంజను పక్కనుండే ఫీడ్ పంపు, కొబ్బరిబోండాన్ని స్ట్రాతో పీల్చినట్టు, ట్యాంకులోంచి డీజిల్‌ను పీల్చుకుంటుంది. బండి నడుస్తున్నంతసేపూ ఆ పైపులో ఉన్నది తోపు కాదు, పీల్పు. చిల్లు పడినా డీజిల్ బయటికి రాదు, గాలే లోపలికి వెళుతుంది. ఇంజను ఆపాక ట్యాంకులో మట్టం చిల్లు కంటే పైన ఉంటే డీజిల్ కారుతుంది. కింద ఉంటే పైపులో నిలబడాల్సిన డీజిల్ కాస్తా ట్యాంకులోకి జారిపోయి, ఆ ఖాళీలో గాలి చేరుతుంది. దీన్నే షెడ్డు భాషలో 'ఎయిర్ పట్టింది' అంటారు. పీల్చే పైపు పక్కనే రెండోది ఉంటుంది, రిటర్న్ పైపు. పంపు వాడుకోగా మిగిలిన డీజిల్ దాంట్లోంచి ట్యాంకుకు తిరిగొస్తుంది. దాని గుణం పూర్తిగా తలకిందులు. ఇంజను నడిచేటప్పుడు కారుతుంది, ఆపితే ఆగుతుంది. కాబట్టి ఏది కారుతోందన్నదాని కంటే ఎప్పుడు కారుతోందన్నదే మేస్త్రికి పెద్ద సాక్ష్యం.

మొదటి గంట ఒక్క నట్టు కూడా విప్పకుండానే గడుస్తుంది. బండిని జాకీతో లేపి చాసిస్ కింద చెక్క దిమ్మలు పెడతారు. జాకీ మీదే ఆనించి కింద దూరడం ఈ షెడ్డులో నిషిద్ధం. బ్యాటరీ నెగెటివ్ తీగ తీసేస్తారు. ఇసుక బకెట్టు చక్రం పక్కకి వస్తుంది. డీజిల్ పెట్రోలులా భగ్గుమనదు కదా అని చాలామందికి ఒక ధీమా. కానీ భారత ప్రమాణాల ప్రకారం డీజిల్ ఆవిరి నిప్పు అందుకునే కనీస ఉష్ణోగ్రత 35 డిగ్రీలు. బెజవాడ ఎండాకాలంలో నీడపట్టున నిలబెట్టిన బండి కూడా ఆ గీత దాటేస్తుంది. పక్కషెడ్డులో గ్రైండరు నిప్పురవ్వలు ఇటు రాకుండా, మేస్త్రి దగ్గర పని నేర్చుకునే కుర్రాడు ఒక రేకు అడ్డం పెడతాడు.

తర్వాత కడుగుడు. మట్టి, గ్రీజు, తుప్పు, రొయ్యల నీళ్ల తెల్లచారలు కలిసి చాసిస్ మీద వేలెడు మందాన పేరుకున్నాయి. ఇనుప బ్రష్షుతో గీకడం మాత్రం వద్దంటాడు మేస్త్రి. అది చిల్లును పెద్దది చేస్తుంది, కొన్నిసార్లు లేనిచోట కొత్తది పుట్టిస్తుంది. సబ్బు నీళ్లు, పాత పెయింటు బ్రష్షు, ఆపైన కంప్రెసర్ గాలి. ఆరడానికి ఇరవై నిమిషాలు. ఆరాక పైపుల వెంట, జాయింట్ల చుట్టూ, క్లిప్పుల అంచుల్లో ముగ్గుపిండి చల్లుతాడు. తెల్లటి పిండి మీద డీజిల్ తడి గోధుమరంగు మరకగా ఎక్కడ మొదలైతే అక్కడే చిల్లు. అయిదు లీటర్ల డీజిల్ పోసి, మట్టాన్ని పైకి తెచ్చి, కాచుక్కూర్చుంటారు.

చుక్క రాలేది గేరుపెట్టె దగ్గర. డ్రైవరు ఇన్నాళ్లూ అనుమానించింది కూడా అక్కడే. ఆర్నెల్ల కిందట ఎవరో ఆ దగ్గర్లోనే ఒక జాయింటుకు ఎంసీల్ ముద్ద పెట్టి, సైకిల్ ట్యూబు చుట్టి పంపారు. కానీ ముగ్గుపిండి వేరే కథ చెబుతోంది. మరక మొదలైంది అక్కడికి మూరెడు వెనక, పైపును చాసిస్‌కు పట్టి ఉంచే మూడో క్లిప్పు కింద. అక్కణ్నుంచి డీజిల్ పైపు అడుగునే జారుతూ వచ్చి, పైపు వంపు తిరిగేచోట నిలవలేక రాలుతోంది. మందు సీసా మూతతో కొలిస్తే గంటకు 40 మిల్లీలీటర్లు. రాత్రి పది గంటలు నిలబెడితే 400. లీటరు వందకు దగ్గరగా ఉన్న రోజుల్లో రాత్రికో నలభై రూపాయలు నేలపాలు. డ్రైవరు నెలకు లెక్కేసుకుని తల గోక్కుంటాడు.

సాక్ష్యం ఒక్కటి చాలదు మేస్త్రికి. ఫిల్టరుకు ముందు రబ్బరు హోసు తీసి, ఆ స్థానంలో జానెడు తెల్ల ప్లాస్టిక్ గొట్టం తగిలించి, బ్యాటరీ తీగ మళ్లీ పెట్టి ఇంజను స్టార్ట్ చేయిస్తాడు. గొట్టంలో డీజిల్‌తో పాటు సన్నటి బుడగలు, సోడాలోలా, వరస కట్టి పోతున్నాయి. క్లిప్పు దగ్గర తడిగుడ్డ చుట్టి గట్టిగా పట్టుకోగానే బుడగలు పలచబడతాయి, కానీ పూర్తిగా పోవు. అంటే చిల్లు ఒక్కటే కాదు. "క్లిప్పుకో చిల్లు ఉంటది. ఎక్కడెక్కడ ఉప్పునీళ్లు నిలుస్తాయో అక్కడల్లా." అతుకు వేసే ఆలోచన ఇక్కడితో చచ్చిపోతుంది. ట్యాంకు నుంచి ఇంజను దాకా రెండు పైపులూ మార్చాల్సిందే.

ట్యాంకు ఖాళీ చేస్తారు. అడుగు బోల్టు విప్పితే పద్దెనిమిది లీటర్లు రెండు క్యాన్లలోకి దిగుతుంది. చివరి గ్లాసెడు విడిగా పడతారు. గాజుసీసాలో పోసి పది నిమిషాలు కదపకుండా ఉంచితే అడుగున అంగుళం నీళ్లు, వాటి కింద ఎర్రటి తుప్పు నలుసు కనిపిస్తాయి. ఆ గ్లాసెడూ పారబోసి, మిగతాది గుడ్డలో వడకట్టి పక్కన పెడతారు.

విప్పడం మొరటు పనిలా కనిపిస్తుంది కానీ ఓపికంతా ఇక్కడే కావాలి. ట్యాంకు పైన పైపు కొస ఉంగరంలా ఉంటుంది. దాన్ని బాంజో కన్ను అంటారు. మధ్యలో బోలుగా ఉన్న బోల్టొకటి ఆ కన్నులోంచి దూరి, పైనొక రాగి వాషరు, కిందొక రాగి వాషరుతో బిగుస్తుంది. డీజిల్ ఆ బోల్టు కడుపులోంచే నడుస్తుంది. తుప్పు పట్టిన బోల్టు మీద బలం చూపిస్తే మెడ విరుగుతుంది, విరిగితే ట్యాంకు దించాలి, రెండు రోజుల పని. అందుకే తుప్పు విడిపించే నూనె కొట్టి అరగంట వదిలేస్తారు. చిన్న సుత్తితో బోల్టు తల మీద, పాపాయి వీపు తట్టినంత మెల్లగా పదిపదిహేను దెబ్బలు. అప్పుడు 19 నంబరు రింగు పానా. ముందు బిగించే వైపు ఒక వెంట్రుకవాసి, ఆపైన విప్పే వైపు. కిర్రుమంటుంది. మళ్లీ నూనె, మళ్లీ ముందుకీ వెనక్కీ. పైపు మీద నట్లున్న చోట మేస్త్రి చేతిలోకి ఇంకో పానా వస్తుంది. మామూలు రింగు పానాకే ఒక పక్క ఆక్సా బ్లేడుతో సందు కోసి ఉంది. ఆ సందులోంచి పైపు దూరుతుంది, మిగతా అయిదు ముఖాల్నీ రింగు పట్టుకుంటుంది. ఇరవయ్యేళ్ల కిందట తనే కోసుకున్నాడట. కొనే పానాలూ ఉన్నాయి, కానీ ఇది అరగలేదు.

ఊడదీసిన పైపుల్ని ముక్కలు కాకుండా, వంపు చెదరకుండా బెంచీ మీద పడుకోబెడతారు. పాత పైపు ఇప్పుడు చెత్త కాదు, నకలు తీయాల్సిన మూలం. క్లిప్పుల కింద రబ్బరు తీసి చూస్తే విషయం బయటపడుతుంది. తొట్టి మూల నుంచి ఐసు కరిగిన రొయ్యల నీళ్లు రోజూ చాసిస్ మీదికి కారుతున్నాయి. పైపు నున్నగా ఉన్నచోట జారిపోతాయి, రబ్బరుకీ పైపుకీ మధ్య సందులో మాత్రం చిక్కుకుంటాయి. ఎండినా ఉప్పు అక్కడే ఉంటుంది, మళ్లీ తడి తగలగానే తినడం మొదలుపెడుతుంది. పైపును కాపాడాలని పెట్టిన రబ్బరే దానికి గోయి తవ్వింది. మంచు కురిసే అమెరికా రాష్ట్రాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అక్కడి పాత పికప్‌ల పైపులు తుప్పుకు పోయేదీ ఇలాంటి సందుల్లోనే. కైకలూరులో ఆ ఉప్పును రోడ్డు మీద ఎవరూ చల్లనక్కర్లేదు, బండే మోసుకొస్తుంది.

ఏ పైపు వేయాలన్నది చిన్న ప్రశ్న కాదు. డ్రైవరు రాగి పైపు వేయమంటాడు, తుప్పు పట్టదు కదా అని. రాగి మెత్తన, చేత్తో వంచొచ్చు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ డీజిల్‌కు రాగి పడదు. రాగి తగిలిన డీజిల్ త్వరగా పాతబడి జిగురు కడుతుంది, ఆ జిగురు ఫిల్టరును మూసేస్తుంది. పైగా రోజూ అదిరే బండిలో రాగి గట్టిపడి ఒకనాడు పగులుతుంది. వాషరు ముక్కంత రాగితో నష్టం లేదు, రెండున్నర మీటర్లంటే ఉంది. జింకు పూసిన నీళ్ల పైపు ఇంకా అన్యాయం, జింకు డీజిల్‌లో కరిగి ఇంజెక్టర్ల దాకా పోతుంది. మొత్తం రబ్బరు హోసే పరిచేస్తే? చౌక, తేలిక, రెండు గంటల్లో పని అయిపోతుంది. చాలామంది చేసేది కూడా అదే. కానీ పీల్పుకు హోసు గోడలు లోపలికి నొక్కుకుపోతాయి, చాసిస్ అంచుకు ఒరుసుకుంటాయి, సైలెన్సరు వేడికి పెళుసెక్కుతాయి. కదిలేచోట హోసు, కదలనిచోట ఉక్కు. మేస్త్రి నియమం అంతే. వీధి చివర దుకాణంలో మూడు మీటర్ల ఉక్కు పైపులు రెండు వస్తాయి. పీల్చే లైనుకు 8 ఎంఎం, మీటరు 190 రూపాయలు. రిటర్నుకు 6 ఎంఎం, మీటరు 150.

కోత. ఆక్సా బ్లేడు వాడరు, దాని రంపపు పొడి పైపులోకి పోతే నేరుగా పంపు దాకా వెళ్తుంది. చిన్న చక్రం ఉండే పైపు కట్టరు బిగించి పైపు చుట్టూ ఒక తిప్పు, మరను కొంచెం బిగించి ఇంకో తిప్పు. తొందరపడి ఎక్కువ బిగిస్తే మూతి లోపలికి ముడుచుకుంటుంది. ఏడెనిమిది తిప్పులకు పైపు టక్కుమని విడిపోతుంది. లోపలి అంచు గరుకును సన్న ఆకురాయితో తీసి, మూతి కిందికి వంచి గాలి కొడతారు.

ఇక వంపులు. నేను పొద్దున్నుంచి కాచుకున్నది దీనికోసమే. పీల్చే పైపులో ఏడు వంపులున్నాయి. ట్యాంకు మీంచి దిగడానికి రెండు, అడ్డపట్టీ కిందుగా దూరడానికి రెండు, సైలెన్సరును తప్పించుకోవడానికి ఒకటి, ఇంజను వైపు లేవడానికి రెండు. ఒక్కోటి ఒక్కో దిక్కుకు. మేస్త్రి పాత పైపు మీద ప్రతి వంపు మొదలయ్యేచోటా, ముగిసేచోటా సుద్దతో గీత పెడతాడు. కొత్త పైపు నిడివెల్లా మార్కరుతో ఒకే తిన్నని గీత గీస్తాడు. వంచుతున్నప్పుడు పైపు చేతిలో మెలి తిరిగిందో లేదో ఆ గీతే చెబుతుంది. పని ట్యాంకు వైపు నుంచి మొదలు. పైపును బెండరు గాడిలో కూర్చోబెట్టి, పిడిని గుంజకుండా, ఒకే వేగంతో, ఊపిరి బిగబట్టి తిప్పుతాడు. 8 ఎంఎం పైపును 25 ఎంఎం కంటే తక్కువ వ్యాసార్థంలో మడిస్తే లోపలి పక్క నలుగుతుంది. ఉక్కుకు పొగరుంటుంది, వదలగానే రెండు మూడు డిగ్రీలు వెనక్కి వస్తుంది. అందుకని 90 కావాలంటే 93 దాకా తీసుకెళ్లి వదలాలి. ఆ మూడు డిగ్రీలు బెండరు మీది అంకెల్లో చూడడు, పిడి బిగువులో తెలుస్తుందంటాడు. ఒక్కో వంపు కాగానే పాత పైపు మీద పడుకోబెట్టి చూస్తాడు. పేపరు మందం తేడా ఉంటే మోకాలి మీద పెట్టి సరిచేస్తాడు.

నాలుగో వంపు కుర్రాడికి ఇస్తాడు. అది ముక్కు కిందికి తిరగాల్సిన వంపు. కుర్రాడు పైపును బెండరులోకి తిరగేసి పెట్టి పైకి వంచేస్తాడు. తప్పు తెలిశాక వెనక్కి తీయబోతే వంపు దగ్గర పైపు చప్పిడి అవుతుంది. షెడ్డులో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడరు. ఒకసారి వంచిన ఉక్కును తిరిగి తిన్నగా తీస్తే అక్కడ బలం చచ్చిపోతుంది, అదిరి అదిరి పగిలేది ఆ చోటే. మేస్త్రి ఆ పైపును పక్కన నిలబెట్టి, "దుకాణానికి పోయి ఇంకో 8 ఎంఎం పట్రా అబ్బాయ్. నా ఖాతాలో రాయమను," అంటాడు. ఆ 570 రూపాయలు బిల్లులోకి రావు. కొత్త పైపు తెచ్చాక మొదటి మూడు వంపులూ కుర్రాడితోనే వేయిస్తాడు, నాలుగోది కూడా. ఈసారి వంచే ముందు కుర్రాడు గాల్లో చేత్తో దిక్కు చూపించి, మేస్త్రి తల ఊపాకనే పిడి పడతాడు. దీనికి గంటా పదినిమిషాలు పోయింది. నన్నడిగితే ఆ రోజు షెడ్డులో జరిగిన మంచి పని ఇదే.

రిటర్న్ పైపు సన్నది, నలభై నిమిషాల్లో అయిపోతుంది.

మూతుల తయారీ రెండు రకాలు. ఇంజను వైపు కొసకు రబ్బరు హోసు ఎక్కుతుంది. నున్నటి పైపు మీద హోసు ఎంత బిగించినా జారుతుంది కాబట్టి మూతి దగ్గర చిన్న బుడిపె కావాలి. బ్రేకు పైపులకు మూతిని రెండు మడతలు వేసే ఫ్లేరింగ్ పట్టీ ఒకటుంది. దాంతో మొదటి మడత వేసి ఆపేస్తే పైపు మూతి ఉబ్బి, పాము తలకాయలా బుడిపె వస్తుంది. పట్టీలో బిగించడం, అచ్చు పెట్టడం, మరను మెల్లగా దించడం, అయిదు నిమిషాల పని.

ట్యాంకు వైపు కొసకు బాంజో కన్ను అతకాలి. దీనికి నాలుగు షెడ్ల అవతలున్న గ్యాస్ వెల్డింగ్ మనిషి దగ్గరికి వెళ్లాలి. డీజిల్ బండి దరిదాపుల్లో మంట వెలిగించరు. ఈ పని నిజానికి వెల్డింగ్ కాదు, ఉక్కు కరగదు. పైపు కొసనీ కన్ను మెడనీ మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్దుతారు. గోరు దూరనంత సందుతో రెండూ కూర్చుంటాయి. ఇత్తడి కడ్డీ కొస వేడి చేసి బోరాక్సు పొడిలో అద్దితే పొడి అంటుకుంటుంది. మన కంసాలులు వాడే వెలిగారమే ఇది. మంటను ఇటూ అటూ ఆడిస్తూ ఉక్కును మొద్దు ఎరుపు నుంచి నారింజ వైపు తీసుకెళ్తాడు. వెలిగారం గాజులా కరిగి మెరిసి, గాలి తగలకుండా ఉక్కును కప్పుతుంది. దాదాపు 900 డిగ్రీల దగ్గర ఇత్తడి కరుగుతుంది. అసలు చూడాల్సింది అప్పుడు. కడ్డీ తాకించిన చోట ఇత్తడి ఆగదు, వేడి ఎటుంటే అటు సందులోకి తనంతట తనే పీల్చుకుపోయి, రెండో వైపు పసుపు గీతలా బయటపడుతుంది. ఆ గీత చుట్టూరా తెగకుండా వచ్చిందంటే అతుకు పడినట్టు. ఒక్కో కన్నుకు రెండు నిమిషాల మంట, 150 రూపాయల కూలి. కొత్త కన్ను 80. చల్లారాక వేడినీళ్లలో ముంచి, గాజులా అంటుకున్న వెలిగారాన్ని రాల్చేస్తారు. ఒక్క పలుకు లోపల మిగిలినా పంపుకు చేటు. ఒక మూతి మూసి, రెండో మూతిలోంచి 30 పౌండ్ల గాలి పంపి, పైపును నీళ్ల తొట్టిలో రెండు నిమిషాలు ముంచుతారు. బుడగ లేదు. తర్వాత కాస్త మంచి డీజిల్ పోసి కడిగి మళ్లీ గాలి కొడతారు.

రంగు విషయంలో పెద్ద కథ లేదు. రెడ్ ఆక్సైడ్ ఒక పూత, అరగంట ఎండలో. ఆపైన నల్ల ఎనామిల్, ముప్పావుగంట. అతుకు దగ్గర, క్లిప్పులు పడేచోట రెండు పూతలు. ఈలోపు భోజనాలు.

భోజనమయ్యాక మేస్త్రి నాకు రాగి వాషర్ల కిటుకు చెబుతాడు. వాడిన వాషరు బోల్టు ఒత్తిడికి గట్టిబడి ఉంటుంది. మళ్లీ పెడితే మూతికి అణగదు, డీజిల్ చెమరుస్తుంది. తీగకు గుచ్చి మంటలో ఎర్రగా కాల్చి చన్నీళ్లలో వేస్తే తిరిగి మెత్తబడుతుంది. ఉక్కునైతే అలా నీళ్లలో వేస్తే గట్టిపడుతుంది, రాగి తీరు వేరు. అయినా ఈ బండికి కొత్త వాషర్లే వేస్తాడు, సెట్టు 70 రూపాయలు. కిటుకు దుకాణం మూసేసిన రాత్రుల కోసం.

బిగింపు. పైపుల్ని ముందు వదులుగా వాటి చోట్లలో వేలాడదీసి, ఎక్కడా దేనికీ ఆనలేదని చూస్తారు. సైలెన్సరుకు నాలుగు వేళ్ల దూరం, బ్రేకు పైపుకు రెండు వేళ్లు. క్లిప్పులు మూరకొకటి చొప్పున ఆరు. ఈసారి క్లిప్పు రబ్బరు కింద గ్రీజు నింపి మరీ పెడతాడు, నీళ్లు నిలవడానికి చోటు లేకుండా. బోల్టులన్నీ ముందు వేళ్లతోనే ఎక్కాలి. వేలికి ఎక్కని మరను పానాతో ఎక్కించకూడదు. అన్నీ కూర్చున్నాక బాంజో బోల్టు చేతి బిగువు మీద ఇంకో పావు చుట్టు. ఇంజను రబ్బరు దిమ్మల మీద ఊగుతుంది, చాసిస్ ఊగదు. ఆ రెంటి మధ్యా డీజిల్‌కు పనికొచ్చే నూనె హోసు జానెడున్నర. బుడిపె దాటి అంగుళం లోపలికి తోసి, బుడిపె వెనకాల క్లిప్పు బిగిస్తారు. బుడిపె మీదే బిగిస్తే హోసు కోసుకుపోతుంది. కొత్త ఫిల్టరు, 380.

వడకట్టిన డీజిల్ ట్యాంకులో పోసి, ఎయిర్ తీయడం మొదలుపెడతారు. ఫిల్టరు మీది గాలి మర రెండు చుట్లు వదులు చేసి, ఫీడ్ పంపు మీదుండే చేతి పంపును కుర్రాడు బొటనవేలితో కొడుతుంటాడు. పాతిక దెబ్బలదాకా ఏమీ ఉండదు. నలభై దగ్గర మర అంచున నురగ, అరవై దాటాక నురగలో పెద్ద బుడగలు. ఆపైన డీజిల్ ఒక్కటే, తెల్లగా కాకుండా తేటగా. పంపు ఆపకుండానే మర బిగిస్తాడు. తర్వాత ఇంజెక్షన్ పంపు మీది మర, అదే తంతు. వరస ఎప్పుడూ ట్యాంకు నుంచి ఇంజను వైపే. చివరికి రెండు ఇంజెక్టర్ల నట్లు 17 పానాతో సగం చుట్టు వదులు చేసి, సెల్ఫ్ కొట్టిస్తారు. నట్ల దగ్గర డీజిల్ చిమ్మగానే ఆపి బిగిస్తారు. ఇక్కడ కుర్రాడు వేలు పెట్టబోతే మేస్త్రి చెయ్యి మీద ఒకటి వేస్తాడు. ఆ పైపుల్లో ఒత్తిడి వందల బార్లలో ఉంటుంది, కంటికి కనిపించనంత సన్నధార కూడా చర్మంలోకి సూదిలా దిగుతుంది. అక్కడ కారుతోందేమో చూడాలంటే అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. రెండో సెల్ఫుకు ఇంజను దగ్గి, తెల్లపొగ వదిలి, అందుకుంటుంది.

పొద్దుటి తెల్ల గొట్టం మళ్లీ ఫిల్టరు ముందుకి వస్తుంది. మొదటి నిమిషం నాలుగైదు బుడగలు. రెండో నిమిషం ఒకటి. తర్వాత గొట్టంలో డీజిల్ కదులుతోందా లేదా అని అనుమానం వచ్చేంత తేట. పది నిమిషాలు ఇంజను నడిపి, రిటర్న్ పైపు వెంట ముగ్గుపిండి చల్లి చూస్తారు. తెల్లగానే ఉంది.

ఇంకో పని మిగిలింది, దీన్ని ఎవరూ అడగలేదు. తొట్టి మూలన ఐసు నీళ్లు కారే రంధ్రానికి ఒక పీవీసీ ఎల్బో, మూరన్నర పైపు బిగించి, నీళ్లు చాసిస్ దాటి నేల మీద పడేట్టు చేస్తాడు మేస్త్రి. సామాను 110 రూపాయలు. "దింపిన ప్రతిసారీ కింద మంచినీళ్లు కొట్టు తమ్ముడూ. పైన కడిగితే సరిపోదు."

రాత్రి బండి షెడ్డులోనే, ట్యాంకు నిండుగా, కింద పాత దినపత్రికలు పరిచి. డ్రైవరు తొట్టిలోనే పడుకుంటాడు. బిల్లు కాగితం మీద సామాను 2,650, బాంజో అతుకులతో కలిపి. కూలి 1,800. అన్నీ కలిపి కూడితే ఇంకో వంద ఎక్కువ రావాలని నేను లెక్క చెబితే, క్లిప్పుల్లో తగ్గించానంటాడు.

పొద్దున ఆరున్నర. పత్రికలు పొడిగా ఉన్నాయి, ఒక మూలన ఇంజనాయిల్ చుక్క తప్ప. అది వేరే రోజు పని. డ్రైవరు తాళం తిప్పుతాడు. ఒకటే సెల్ఫ్. కైకలూరు చెరువు మీద తొమ్మిదికల్లా ఉండాలంటూ బండి మెయిన్ రోడ్డెక్కుతుంది. కుర్రాడు పాత పైపులు రెంటినీ తుప్పు దులిపి, మోడలు, సంవత్సరం సుద్దతో రాసి, గోడ మీది మేకులకు తగిలిస్తున్నాడు. అక్కడ అప్పటికే ఇరవై దాకా వంకరటింకర పైపులు వేలాడుతున్నాయి. నిన్న తను చప్పిడి చేసిన పైపును మాత్రం కోసి, తిన్నగా ఉన్న మీటరు ముక్కను ఆరు ఎంఎం ముక్కల పక్కన దాచుకుంటున్నాడు.